అద్దె చట్టం గేటు లోపల మొదలవుతుంది, మనల్ని ఆపేది గేటు బయట

టు-లెట్ బోర్డు మీద చాలా రాసి ఉంటాయి. సింగిల్ బెడ్‌రూమ్, మంజీరా నీళ్లు, ఫ్యామిలీస్ ఓన్లీ, వెజిటేరియన్స్ ఓన్లీ. కులం మాత్రం రాసి ఉండదు. అది మెట్ల దగ్గర వస్తుంది.

కిందటి ఏడాది వేసవిలో గ్రూప్స్ కోచింగ్ కోసం హైదరాబాద్ వచ్చిన మా ఊరి తమ్ముడికి గది వెతకడానికి నేనూ వెంట వెళ్లాను. అశోక్‌నగర్, చిక్కడపల్లి, దోమల్‌గూడ గల్లీలన్నీ తిరిగాం. ఒకచోట మూడో అంతస్తు పైన రేకుల గది నచ్చింది. అద్దె ఆరు వేలు. ఇంటావిడ తాళం తీసి చూపించింది, నల్లా ఎప్పుడొస్తదో చెప్పింది, బట్టలు ఎక్కడ ఆరేసుకోవాలో కూడా చెప్పింది. కిందికి దిగుతుంటే అడిగింది: "ఏ ఊరు బిడ్డా? ఇంటిపేరేంది? మీరేమిటోళ్లు?" తమ్ముడు దాచలేదు. "ఎస్సీలమమ్మా" అన్నాడు. ఆమె కోప్పడలేదు, ముఖం కూడా చిట్లించలేదు. "సార్ వచ్చినంక అడిగి సాయంత్రం ఫోన్ చేస్తా" అంది. ఫోన్ రాలేదు. రాత్రి ఎనిమిదింటికి మా మిత్రుడొకడు, పేరు చివర తోక ఉన్నవాడు, అదే నంబరుకు చేస్తే "ఖాళీగనే ఉంది, పొద్దున వచ్చి అడ్వాన్స్ ఇయ్యిండ్రి" అన్నారు.

ఇంకో నాలుగు రోజులు తిరిగాక తమ్ముడికి రామంతాపూర్ వైపు గది దొరికింది. ఏడున్నర వేలు. గాలి రాదు, కోచింగ్ సెంటర్‌కు రెండు బస్సులు. అయినా ఆ ఇంటాయన ఏమీ అడగలేదు కాబట్టి వెంటనే ఒప్పుకున్నాం. నెలకు పదిహేను వందలు ఎక్కువ, ఏడాదికి పద్దెనిమిది వేలు. బస్సు ఖర్చు వేరే. కేంద్ర పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మార్గదర్శకాల ప్రకారం ప్రొఫెషనల్ కోర్సు చదివే ఎస్సీ డేస్కాలర్‌కు ఏడాది మొత్తానికి ఇచ్చే భత్యం 7,000 రూపాయలు. మా తమ్ముడు కులం కారణంగా అద్దెలో అదనంగా కట్టేది దానికి రెండింతల కంటే ఎక్కువ.

ప్రభుత్వం అద్దె ఇళ్ల గురించి మాట్లాడినప్పుడల్లా 'అందుబాటు ధర' అంటుంది. ధర ఎక్కువగా ఉంది, ఇళ్లు తక్కువగా ఉన్నాయి, యజమానులకు భయం ఉంది, ఆ భయం తీరిస్తే ఇళ్లు మార్కెట్‌లోకి వస్తాయి, వస్తే ధర తగ్గుతుంది. విధానపత్రాలన్నీ ఈ దారిలోనే నడుస్తాయి. ఇందులో అబద్ధమేమీ లేదు. 2011 జనాభా లెక్కల నాటికే పట్టణాల్లో కోటీ పది లక్షల ఇళ్లు ఖాళీగా తాళాలేసి ఉన్నాయి, పట్టణ కుటుంబాల్లో 27.5 శాతం అద్దె ఇళ్లలో ఉన్నాయి. కానీ మన విషయంలో ఈ లెక్క సగం దగ్గరే ఆగిపోతుంది. ఆ రేకుల గది ఖాళీగా ఉంది. ధర మాకు అందుబాటులోనే ఉంది. యజమానికి అద్దె కావాలి. అయినా ఇల్లు రాలేదు. దళితుల అద్దె భారాన్ని ధరతో మాత్రమే కొలిస్తే, ఆ ధర ఎలా పుట్టిందో కనపడదు. పది ఇళ్లలో నాలుగు మనకు మూసేసి ఉంటే మిగిలిన ఆరింటి కోసమే మనం పోటీపడాలి. ఆ ఆరింటి యజమానులకు ఆ సంగతి తెలుసు.

పదింట నాలుగు అన్నది నోటికొచ్చిన మాట కాదు. సుఖదేవ్ థోరట్, మరో ముగ్గురు పరిశోధకులు ఢిల్లీ, చుట్టుపక్కల నగరాల్లో అద్దె ఇళ్ల యజమానులను, బ్రోకర్లను ఫోన్‌లోనూ నేరుగానూ అడిగించి చూశారు. ఆధిపత్య కులాల పేరుతో, దళితుల పేరుతో, ముస్లింల పేరుతో అడిగించారు. 2015లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఆ అధ్యయనం అచ్చయింది. ఆధిపత్య కులాల పేరుతో అడిగినవారికి దాదాపు అన్నిచోట్లా సరేనన్నారు. దళిత పేరుతో ఫోన్‌లో అడిగినప్పుడు మామూలుగా సరేనన్నది పదింట ఆరు చోట్లే. మిగతా చోట్ల కొందరు నేరుగా లేదన్నారు, కొందరు అద్దె పెంచడమో, కొత్త షరతులు పెట్టడమో చేశారు. ముస్లింలకు నేరుగా తలుపు మూసినవాళ్లు ఇంకా ఎక్కువ. మన తెలుగు నగరాల్లో ఇలాంటి పరీక్ష ఏ ప్రభుత్వమూ చేయించలేదు. ఎందుకు చేయించాలో కింద చెబుతాను, అది చేయించమని చట్టమే చెబుతోంది.

ముందు కొత్త చట్టం సంగతి చూద్దాం. 2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించి రాష్ట్రాలకు పంపింది. అద్దె ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, రెండు నెలల్లో అద్దె అథారిటీకి తెలపాలి. నివాసానికైతే అడ్వాన్స్ రెండు నెలల అద్దె మించకూడదు. కరెంటు, నీళ్లు ఆపకూడదు. ఇంట్లోకి రావాలంటే యజమాని ఇరవై నాలుగు గంటల ముందు చెప్పాలి. గడువు దాటి ఉంటే కిరాయిదారు మొదటి రెండు నెలలు రెట్టింపు, ఆ తర్వాత నాలుగింతలు అద్దె కట్టాలి. అద్దె ఎంతుండాలో మాత్రం ఇద్దరూ మాట్లాడుకోవడమే, గరిష్ఠ పరిమితి ఏమీ లేదు. తగాదాలకు అథారిటీ, కోర్టు, ట్రిబ్యునల్ అని మూడు మెట్లు.

ఇందులో కిరాయిదారుకు పనికొచ్చేవి ఉన్నాయి, కాదనను. బెంగళూరులో పది నెలల అడ్వాన్స్ కట్టి అప్పులపాలైన మన పిల్లలకు రెండు నెలల పరిమితి పెద్ద ఊరటే. కానీ చట్టం మొత్తం చదివితే ఒక సంగతి అర్థమవుతుంది. అది ఒప్పందం కుదిరిన క్షణం నుంచి మొదలవుతుంది. కిరాయిదారు అంటే ఇప్పటికే ఇల్లు దొరికినవాడు. ఇల్లు అడగడానికి వచ్చి మెట్ల దగ్గరే నిలిచిపోయినవాడు ఆ చట్టంలో ఎక్కడా లేడు. కులం, మతం, ఆహారం కారణంగా ఇల్లు నిరాకరించరాదన్న ఒక్క వాక్యం కూడా అందులో లేదు. నాలుగింతల అద్దె గురించి అంత జాగ్రత్తగా రాసినవాళ్లకు ఈ వాక్యం తట్టలేదంటే మరిచిపోయారని నేను అనుకోను. అద్దె మార్కెట్ అంటే వాళ్ల కళ్లముందున్నది భయపడుతున్న యజమాని మాత్రమే.

ఆంధ్రప్రదేశ్ 2017లోనే కొత్త తరహా అద్దె చట్టం చేసుకుంది. నమూనాకు అనుగుణంగా చట్టాలు మార్చుకున్న రాష్ట్రాల జాబితాలో కేంద్రం దాన్నీ చేర్చి చెబుతుంది. తెలంగాణలో నడుస్తున్నది ఉమ్మడి రాష్ట్రం నుంచి వచ్చిన 1960 నాటి భవనాల అద్దె నియంత్రణ చట్టం. పేరులో నియంత్రణ ఉంది కదా అని సంతోషించనక్కర్లేదు. 2005లో చేసిన సవరణ ప్రకారం మున్సిపల్ కార్పొరేషన్ల పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు దాటితే ఆ ఇంటికి ఈ చట్టం వర్తించదు. మిగతాచోట్ల ఆ హద్దు 2,000. పేదవాడిని కాపాడటానికి గీసిన గీత అది. ఇప్పుడు హైదరాబాద్‌లో రేకుల గదే ఆరు వేలు. అంటే బస్తీలో పోర్షన్ తీసుకుని ఉండే పారిశుధ్య కార్మికురాలు కూడా ఈ చట్టం లెక్కలో ధనిక కిరాయిదారే. ఇరవై ఏళ్లుగా ఆ అంకె అక్కడే ఉంది, అద్దెలు మాత్రం ఆగలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇల్లు నిరాకరించడాన్ని నేరం చేసే చట్టం మనకు కొత్తగా అక్కర్లేదు. అది 1955 నుంచి ఉంది. అస్పృశ్యతా నేరాల చట్టం అని వచ్చి, 1976 సవరణతో పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా పేరు మారిన దాంట్లో నాలుగో సెక్షన్ ఉంది. హోటళ్లు, బావులు, రోడ్లు, శ్మశానాలు అంటూ సాగే ఆ సెక్షన్‌లో ఎనిమిదో అంశం నివాస గృహాలది. ఏ ప్రాంతంలోనైనా సరే ఇల్లు కట్టుకోవడంలో, పొందడంలో, అందులో నివాసం ఉండటంలో అంటరానితనం కారణంగా అడ్డంకి కల్పిస్తే నేరం. అడ్డంకి అంటే వివక్ష కూడా అని అక్కడే వివరణ ఇచ్చారు. శిక్ష నెల నుంచి ఆరు నెలల జైలు, వంద నుంచి అయిదు వందల రూపాయల జరిమానా. ఏడో సెక్షన్ కింద బహిష్కరణకు ఇచ్చిన వివరణలో, ఇల్లు గానీ భూమి గానీ అద్దెకు ఇవ్వనని చెప్పడం అన్న మాట నేరుగానే ఉంది.

మనవాళ్లకు దీన్ని మించి తెలియాల్సింది పన్నెండో సెక్షన్. ఈ చట్టం కింద నేరమయ్యే పని ఒక షెడ్యూల్డ్ కులం వ్యక్తి పట్ల జరిగితే, అది అంటరానితనం కారణంగానే జరిగిందని కోర్టు భావించాలి. కాదని నిరూపించుకునే భారం అవతలివాళ్లది. "మనసులో కులం ఉందని ఎట్ల నిరూపిస్తావ్?" అని పోలీస్ స్టేషన్‌లో అడిగే ప్రశ్నకు చట్టమే జవాబు రాసి పెట్టింది. పదిహేనో సెక్షన్ ప్రకారం ఇవి వారెంటు లేకుండా పోలీసులు తీసుకోదగ్గ నేరాలు.

మరి కేసులెందుకు లేవు? ఒక కారణం, ఈ చట్టం పేరు చెబితే స్టేషన్‌లో చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లు దాన్ని ఊళ్లో రెండు గ్లాసుల చట్టంగా, గుడి ప్రవేశం చట్టంగా చూస్తారు. మన కార్యకర్తలం కూడా 1989 అట్రాసిటీ చట్టానికే అలవాటుపడ్డాం. అది బలమైన చట్టం, నిజమే. కానీ అందులో మనం ఎక్కువగా వాడే అవమానం, కులం పేరుతో దూషణ అంశాలకు నలుగురూ చూసే చోట జరగాలన్న షరతుంది. 2020లో హితేష్ వర్మ కేసులో సుప్రీంకోర్టు, నాలుగు గోడల మధ్య బయటివాళ్లెవరూ లేనప్పుడు జరిగింది ఆ షరతు కిందికి రాదంది. ఇల్లు నిరాకరణ ఎక్కడ జరుగుతుంది? ఫోన్‌లో, లేదా మెట్ల మీద ఇద్దరి మధ్య. పైగా అక్కడ దూషణే ఉండదు. మా ఇంటావిడ బిడ్డా అనే పిలిచింది. 2015 సవరణతో, 2016 జనవరి 26 నుంచి, సామాజిక, ఆర్థిక బహిష్కరణను కూడా అట్రాసిటీ చట్టంలో చేర్చారు. అవతలి మనిషితో వ్యాపారం చేయనని నిరాకరించడం ఆర్థిక బహిష్కరణ నిర్వచనంలోనే ఉంది. అద్దెకివ్వడం వ్యాపారమే. ఈ వాదనను కోర్టులో గట్టిగా నిలబెట్టాల్సిన పని మన యువ న్యాయవాదులది.

ఇక్కడొక పెద్ద చిల్లు ఉంది. కోస్తాలో మనవాళ్లలో ఎంతమంది చర్చికి వెళతారో చెప్పక్కర్లేదు. ఇంటి ఓనర్లు అక్కడ "మీరేంట్లు?" అని అడగలేనప్పుడు "ఆదివారం ఎక్కడికి వెళతారు?" అని అడుగుతారు. జవాబు వినగానే వాళ్లకు కులమూ తెలిసిపోతుంది, వంటా తెలిసిపోతుంది. వెలి మాత్రం పాతదే. చట్టం దృష్టిలో మాత్రం 1950 ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడు షెడ్యూల్డ్ కులం కాడు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, మతం మారిన వ్యక్తి అట్రాసిటీ చట్టం రక్షణ అడగలేడని చెప్పింది. ఓనరు కులం చూసి గేటు వేస్తాడు, కోర్టు మతం చూసి గేటు వేస్తుంది.

"నా ఇల్లు, నా ఇష్టం" అన్న వాదన గురించి కొంచెం మాట్లాడాలి, ఎందుకంటే మన మిత్రుల్లో కూడా కొందరు దానికి తల ఊపుతారు. ఇంట్లో ఎవరితో కలిసి భోంచేయాలో ఓనరు ఇష్టమే. కానీ గేటుకు బోర్డు కట్టి, ఫోన్ నంబరు రాసి, దారినపోయేవాళ్లందరినీ పిలిచాక అది ఇల్లు మాత్రమే కాదు, అమ్మకానికి పెట్టిన సేవ. రాజ్యాంగం 15(2) అధికరణం దుకాణాల్లో ప్రవేశానికి వివక్ష ఉండరాదంది. రాజ్యాంగ సభలో దుకాణమంటే ఏమిటన్న ప్రశ్న వచ్చినప్పుడు బాబాసాహెబ్ దాన్ని విశాలార్థంలోనే వాడామని, డబ్బు తీసుకుని సేవ అందించే ఎవరికైనా అది వర్తిస్తుందని వివరించారు. 2011లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ కేసులో జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ ధర్మాసనం ఆ వివరణనే ఆధారం చేసుకుని ప్రైవేటు విద్యాసంస్థలనూ ఆ పరిధిలోకి తెచ్చింది. కాలేజీ దుకాణమైతే టు-లెట్ బోర్డు కట్టిన పోర్షన్ ఎందుకు కాదు?

కానీ అదే సుప్రీంకోర్టు 2005లో వేరే దారి తొక్కింది. అహ్మదాబాద్‌లోని జొరాస్ట్రియన్ గృహ సహకార సంఘం పార్సీలకు తప్ప సభ్యత్వం ఇవ్వనన్న నిబంధన చెల్లుతుందని తీర్పిచ్చింది. సంఘం పెట్టుకునే స్వేచ్ఛ అంది. ఒక చిన్న మైనారిటీ తనను తాను కాపాడుకోవడం, ఆధిపత్య కులాల కాలనీ మనల్ని బయట పెట్టడం రెండూ ఒకటి కావు. అయితే ఆ తీర్పును వాడుకునేవాళ్లకు ఆ తేడా అక్కర్లేదు.

పార్సీల ప్రస్తావన వచ్చింది కాబట్టి బరోడా గుర్తు చేసుకోక తప్పదు. 1917లో కొలంబియాలో చదువుకుని వచ్చిన అంబేడ్కర్ బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళితే ఇల్లు దొరకలేదు. పార్సీ పేరు రాయించి పార్సీ సత్రంలో రోజుకు రూపాయిన్నర అద్దెకు ఉన్నారు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని గుంపు వచ్చి సాయంత్రంలోగా ఖాళీ చేయమంది. ఈ కథ మనందరికీ తెలుసు. నేను మళ్లీ చదివినప్పుడు నన్ను ఆపింది కర్రలు కాదు, ఆ తర్వాత జరిగింది. ఆయన ఒక హిందూ మిత్రుడిని అడిగారు. మీరొస్తే మా ఇంట్లో పనివాళ్లు వెళ్లిపోతారు అన్నాడాయన. తర్వాత ఒక క్రైస్తవ మిత్రుడిని అడిగారు. రేపు మా ఆవిడ వస్తుంది, ఆమెను అడిగి చెబుతాను అన్నాడు. ఆయన పార్కులో కూర్చుని, రాత్రి రైలెక్కి బొంబాయి వెళ్లిపోయారు. వందేళ్లు దాటాయి. చిక్కడపల్లి మెట్ల మీద "సార్ వచ్చినంక అడిగి చెప్తా" అన్నప్పుడు నాకు ఆ క్రైస్తవ మిత్రుడే గుర్తొచ్చాడు. కాదనే మాటను ఇంట్లో లేని మనిషి మీదికి నెట్టడం అప్పటినుంచీ నడుస్తున్న మర్యాద.

అమెరికాలో 1968లో వచ్చిన న్యాయమైన గృహవసతి చట్టం, యజమాని తానుంటూ నాలుగు పోర్షన్లలోపు అద్దెకిచ్చే చిన్న ఇళ్లకు మినహాయింపు ఇచ్చింది. మన ఓనర్ల తరఫున మాట్లాడేవాళ్లు దీన్ని చూపిస్తుంటారు. వాళ్లు చెప్పనిది ఏమిటంటే, అలాంటి ఇళ్లకు కూడా వివక్షతో కూడిన ప్రకటన ఇవ్వడం నిషేధమే. పైగా అదే ఏడాది ఆ దేశ సుప్రీంకోర్టు 1866 నాటి పౌరహక్కుల చట్టాన్ని బయటికి తీసి, జాతి కారణంగా ఇల్లు నిరాకరించడం మినహాయింపులేవీ లేకుండా చెల్లదంది. వందేళ్ల పాత చట్టాన్ని వాడుకోవడం మొదలుపెట్టారు. మన 1955 చట్టానికీ మినహాయింపులేమీ లేవు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించినప్పుడు ఉద్యోగంతో పాటు ఇంటి అద్దెనూ అందులో చేర్చింది. అక్కడ గదులు పంచుకునే తెలుగు పిల్లలకు ఇంటిపేరు ఎందుకు అడుగుతారో బాగా తెలుసు.

ఓనర్ల దగ్గర దొరకకపోతే సర్కారు దగ్గరైనా అద్దె ఇల్లు దొరకాలి కదా. అక్కడ మన ప్రభుత్వాల అలవాటు వేరు. అవి ఇల్లంటే సొంత ఇల్లనే అనుకుంటాయి. తెలంగాణలో డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు, ఇప్పుడు ఇందిరమ్మ ఇళ్లు. ఆంధ్రలో 2020లో పట్టణంలో సెంటు, ఊళ్లో సెంటున్నర చొప్పున ఇచ్చిన స్థలాలు. ఇవి అక్కర్లేదని ఎవరంటారు, వెలివాడలో పుట్టినవాడికి తన పేరున పట్టా అంటే ఏమిటో బయటివాళ్లకు తెలియదు. కానీ ఇందిరమ్మ ఇళ్లకు మొదటి విడతలో అయిదు లక్షలు రావాలంటే ముందు సొంత జాగా ఉండాలి. నగరంలో పోర్షన్‌లో ఉండే దళిత కుటుంబానికి జాగా ఎక్కడిది? డబుల్ బెడ్‌రూమ్ కాలనీల్లో అతి పెద్దది కొల్లూరులో 15,660 ఇళ్లతో 2023 జూన్‌లో మొదలైంది. ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర. సికింద్రాబాద్‌లో తెల్లవారుజామున ఊడ్చే మనిషి అక్కడినుంచి ఏ బస్సెక్కి రావాలి? రాజీవ్ స్వగృహ ఫ్లాట్ల సంగతి చూడండి. బండ్లగూడలో, పోచారంలో ఏళ్ల తరబడి ఖాళీగా పడున్నాయి. చివరికి 2022లో అమ్మకానికి పెట్టారు. అద్దెకు ఇవ్వవచ్చన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

కేంద్రం మాత్రం ఒకసారి అద్దె గురించి ఆలోచించింది, అదీ 2020లో వలస కార్మికులు రోడ్ల మీద నడవడం దేశమంతా చూశాక. అందుబాటు అద్దె గృహ సముదాయాల పథకం ఆ జులైలో వచ్చింది. పాత పథకాల కింద కట్టి ఖాళీగా ఉన్న లక్షకు పైగా ప్రభుత్వ ఇళ్లను అద్దెకు మారుస్తామన్నారు. ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం అని కూడా రాశారు. ఆ తర్వాత మూడేళ్లకు పార్లమెంటుకు చెప్పిన లెక్కల్లో అలా మార్చినవి ఆరు వేలకు చేరలేదు. 2024లో వచ్చిన పీఎం ఆవాస్ పట్టణ పథకం రెండో దశలో అద్దె ఇళ్లకు ఒక విభాగం పెట్టారు, అదే ఏడాది బడ్జెట్‌లో పరిశ్రమల కార్మికులకు ప్రైవేటు భాగస్వామ్యంతో డార్మిటరీలు అన్నారు. ప్రైవేటు నిర్వాహకుడు గదులు కేటాయించేటప్పుడు కులం అడగకూడదని ఎవరు చూస్తారు?

ప్రైవేటు అనగానే నేను ఒకటి ఒప్పుకోవాలి. అమీర్‌పేట హాస్టళ్లలో కులం అడగరు. మంచానికింత అని డబ్బు తీసుకుంటారు. మార్కెట్ కులాన్ని కరిగిస్తుందనేవాళ్లకు ఇది ఇష్టమైన ఉదాహరణ. నిజమే, ఒకే గదిలో ఆరు మంచాలు వేసి అమ్మేవాడికి కులం కంటే మంచం నిండటం ముఖ్యం. కానీ పెళ్లై, పిల్లలతో, అమ్మానాన్నలతో ఉండాలనుకున్న రోజున హాస్టల్ పనికిరాదు. మళ్లీ గేటు దగ్గరికే రావాలి.

రాతపూర్వక ఒప్పందం గురించి కూడా. మన బస్తీల్లో చాలామంది ఓనర్లు కాగితం ఇవ్వరు, పన్ను భయం, ఖాళీ చేయించలేమేమోనన్న భయం. కాగితం లేకపోతే చిరునామా లేదు, చిరునామా లేకపోతే రేషన్ కార్డు మారదు, ఓటు ఊళ్లోనే ఉంటుంది, గ్యాస్ కనెక్షన్ రాదు. నమూనా చట్టం కాగితం తప్పనిసరి అనడం అందుకే మంచిదే. కానీ కులం తెలిసి ఇంట్లో పెట్టుకున్న ఓనరు దగ్గర నుంచి కాగితం అడిగే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? మళ్లీ వెతుక్కోవాలన్న భయంతోనే నీళ్లు రాకపోయినా, అద్దె ఏటా వెయ్యి పెంచినా నోరెత్తరు. గేటు దగ్గర జరిగిన నిరాకరణ గేటు లోపల కూడా పనిచేస్తూనే ఉంటుంది. అందుకే ఆ చట్టంలోని మంచి హక్కులు కూడా మనకు సగమే అందుతాయి.

ప్రభుత్వానికి చేతకాదని మాత్రం చెప్పొద్దు. 2020 మార్చిలో కోవిడ్ భయంతో ఢిల్లీలో ఓనర్లు డాక్టర్లను, నర్సులను ఇళ్లు ఖాళీ చేయమన్నారు. మార్చి 24న అక్కడి ప్రభుత్వం ఆ ఓనర్ల మీద కఠిన చర్యలు తీసుకోమని అధికారులకు ఉత్తర్వు ఇచ్చింది. 29న కేంద్ర హోంశాఖ కార్మికుల దగ్గర నెల అద్దె అడగరాదంది. ఏప్రిల్‌లో తెలంగాణ ముఖ్యమంత్రి మూడు నెలలు అద్దె వసూలు చేయొద్దని, తర్వాత వాయిదాల్లో తీసుకోమని ప్రకటించారు. వాటి అమలు ఎట్లున్నదో అప్పుడు అద్దె కట్టినవాళ్లందరికీ తెలుసు. అయినా, ఓనరు ఇష్టం అనే గోడను ప్రభుత్వం దాటదలుచుకుంటే వారం రోజుల్లో దాటగలదని ఆ రోజుల్లో చూశాం. అంటు అనే భయంతో డాక్టర్‌ను బయటికి పంపితే అది శిక్షించదగ్గ పని అయింది. అంటు అనే నమ్మకంతో మనల్ని పంపితే అది ఓనరు అభిరుచి అవుతోంది.

కాబట్టి తెలంగాణ ఎప్పుడైనా 1960 చట్టాన్ని మార్చినా, ఆంధ్ర తన చట్టాన్ని సవరించినా మనం అడగాల్సింది అద్దె పరిమితి ఒక్కటే కాదు. ఇల్లు నిరాకరించినవారి మీద ఫిర్యాదును కూడా అద్దె అథారిటీ తీసుకోవాలి. బోర్డుల మీద, యాప్‌లలో కులం, మతం, తిండి షరతులను నిషేధించాలి. ప్రభుత్వ సొమ్ముతో కట్టే ప్రతి అద్దె సముదాయంలో ఎవరికి గది ఇచ్చారో, ఎవరికి లేదన్నారో రిజిస్టరు ఉండాలి. షెడ్యూల్డ్ కులం గుర్తింపు మతంతో ముడిపడి ఉన్నంతకాలం ఈ కొత్త నిబంధనలు కులం పేరుతో పాటు మతం పేరును కూడా చెప్పాలి, లేకపోతే కోస్తా మళ్లీ బయటే ఉంటుంది.

ఇవి రావడానికి ఏళ్లు పడతాయి. అప్పటిదాకా చేతిలో ఉన్నది 1955 చట్టమే. దాని 15ఏ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వాలకు కొన్ని పనులు అప్పగించింది: న్యాయసహాయం, ప్రత్యేక అధికారులు, చట్టం అమలు మీద ఎప్పటికప్పుడు సర్వే, అంటరానితనం ఉన్న ప్రాంతాల గుర్తింపు. ఢిల్లీలో థోరట్ బృందం చేసినట్లు రెండు పేర్లతో ఫోన్ చేసి చూసే పరీక్షను హైదరాబాద్, విజయవాడ, విశాఖ, వరంగల్‌లలో చేయించమని ఈ సెక్షన్ కింద అడగవచ్చు. విద్యార్థి సంఘాలు ఎదురుచూడనక్కర్లేదు, తామే చేయవచ్చు. ఒకే ఇంటికి, ఒకే రోజు, ఇద్దరు. ఒకే ఉద్యోగం, ఒకే బడ్జెట్, వేర్వేరు ఇంటిపేర్లు. సమయం, నంబరు, అన్న మాటలు రాసిపెట్టుకోవాలి. కాల్ రికార్డు ఉంచుకోవాలి. ఫిర్యాదులో నాలుగో సెక్షన్ ఎనిమిదో అంశం, పన్నెండో సెక్షన్ పేర్లు పెట్టి రాయాలి, స్టేషన్‌లో తీసుకోకపోతే రిజిస్టర్డ్ పోస్టులో ఎస్పీకో కమిషనర్‌కో పంపాలి. మా తమ్ముడు ఆ రోజు రాత్రి ఇవేవీ చేయలేదు, నేనూ చేయించలేదు. పరీక్ష దగ్గర్లో ఉందని వదిలేశాం. ఆ నంబరు మాత్రం ఇంకా నా ఫోన్‌లో ఉంది.

రెండు రాష్ట్రాల్లోనూ నెలాఖరున పౌరహక్కుల దినం జరుపుతారు. తహసీల్దారు, ఎస్ఐ కలిసి ఎస్సీ కాలనీకి వచ్చి టెంటు వేసి, హోటల్లో గ్లాసులు, గుడి, శ్మశానం గురించి మాట్లాడి, ఫొటో దిగి వెళతారు. ఊళ్లకు అది అవసరమే. నగరంలో ఒక అపార్ట్‌మెంట్ సంఘం దగ్గర ఆ టెంటు వేయడం నేను ఇంతవరకు చూడలేదు. వచ్చే నెల 30న అశోక్‌నగర్‌లో, కోచింగ్ సెంటర్ల మధ్య, టు-లెట్ బోర్డులున్న ఏదైనా ఒక గల్లీలో దాన్ని జరపమని ఈ వారమే కలెక్టరేట్‌లో వినతిపత్రం ఇస్తున్నాం. మీ జిల్లాల్లో కూడా ఇవ్వండి, ఇచ్చాక అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోవడం మరవకండి.